గ్రీన్‌బెల్టు: ఒక ఊరు, దాని ఛాయాపటములు

ఊరు వెలసి, వీథులు తీరి, జనము నిండిన పిమ్మట దానిని చూడవచ్చినవారు ఛాయాచిత్రములు తీసికొని పోవుట లోకమున వాడుక. అమెరికా రాజధానియగు వాషింగ్టనుకు ఈశాన్యదిశను, మేరీలాండు రాష్ట్రమున, పొగాకు పండించి పండించి సారము చచ్చిన చేలమీద 1935-37 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన గ్రీన్‌బెల్టు పట్టణము విషయమున ఈ క్రమము తారుమారైనది. అచ్చట మొదటి గడప నిలువకమునుపే కెమెరా వచ్చి నిలిచినది. ఒక ప్రభుత్వము తాను కట్టించుచున్న చిన్న ఊరిని, దాని చెరువును, బాటలను, చుట్టునున్న అడవిని ఇంతటి ఓపికతో, ఇందరు నిపుణులచేత, పునాది నాటినుండి పటములకెక్కించుట చరిత్రలో అరుదు.

ఆ ఊరి తలంపునకు మూలము ఇంగ్లండున ఉన్నది. పట్టణములోని జీవనోపాధిని, పల్లెలోని గాలివెలుతురులను ఒక్కచోట కూర్చి, చుట్టును ఎన్నడును ఇండ్లు కట్టరాని పచ్చని నేలను వలయముగా విడిచిపెట్టవలెనని ఎబెనీజర్ హోవార్డు 1898లో ప్రతిపాదించెను. లెచ్‌వర్తు ఆ పద్ధతిని 1903లో మొదలైన తొలి ఉద్యానపురము. ఆర్థికమాంద్యముచేత లక్షలాది కార్మికులు పనిలేక వీథుల పాలైన దినములలో అధ్యక్షుడు రూజ్వెల్టు 1935 ఏప్రిలు 30వ తేదీన పునరావాససంస్థను నెలకొల్పి, కొలంబియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడైన రెక్స్‌ఫర్డ్ టగ్వెలును దానికి అధిపతిగా నియమించెను. ఆ సంస్థ కట్టించిన హరితపురములు మూడు: మేరీలాండున గ్రీన్‌బెల్టు, ఓహయోలో సిన్సినాటి చెంత గ్రీన్‌హిల్సు, విస్కాన్సిన్‌లో మిల్వాకీ చెంత గ్రీన్‌డేలు. న్యూజెర్సీలో తలపెట్టిన నాల్గవది న్యాయస్థానపు చిక్కులలో పడి ఆగిపోయెను.

టగ్వెలు తన శిష్యుడును సహాధ్యాపకుడునైన రాయ్ స్ట్రైకరును పిలిపించి సంస్థయందలి చారిత్రకవిభాగమును అతని చేతికిచ్చెను. స్ట్రైకరు స్వయముగా గొప్ప ఛాయాగ్రాహకుడు కాడు. కాని ఏ పటము దేనిని రుజువు చేయునో ఎరిగినవాడు. అతని కొలువులో చేరిన కార్ల్ మైడన్సు పట్టణశివార్ల పునరావాసశాఖ పనికై వచ్చినవాడే. చేతిలో ఇమిడిపోవు 35 మిల్లీమీటర్ల కెమెరాతో ఈతడు 1935లో వాషింగ్టను సందులలో తిరిగి, కూలిపోవుచున్న కొంపలను, వాటి పెరళ్ళను, వాటి వెనుక ఆకాశమున మెరయుచున్న కాంగ్రెసు భవనపు గుమ్మటమును ఒకే చట్రమున బంధించెను. దేశమునకు శాసనములు చేయు సభకు కూతవేటు దూరమున ప్రజలెట్లు బ్రతుకుచున్నారో చూపుటకు ఇంతకంటె తీవ్రమైన వాక్యము మాటలలో దొరకదు. గ్రీన్‌బెల్టు పటములను విడిగా చూచువారికి అవి వట్టి అందమైన దృశ్యములుగా తోచును. ఈ సందుల పటముల ప్రక్కన పెట్టి చూచినపుడుగాని వాటి వాదము బోధపడదు.

గ్రీన్‌బెల్టున నిర్మాణపు పని 1935 అక్టోబరులో మొదలయ్యెను. యంత్రములతో త్వరగా ముగియు పనిని గూడ కావలెననియే పారలకు, గొడ్డళ్ళకు అప్పగించిరి. ఎంతమంది చేతులకు పని దొరికిన అంత మేలనునది నాటి ఉద్దేశము. వేలకొలది కూలీలు అడవి కొట్టి, కట్ట పోసి, 23 ఎకరముల చెరువును సిద్ధము చేసిరి. మైడన్సు, అతని వెనుక యువకుడైన ఆర్థర్ రోత్‌స్టీను తీసిన ఆ నాటి పటములలో మట్టికొట్టుకొనిన బూట్లు, చలికి ముడుచుకొనిన భుజములు, సగము లేచిన గోడలు కానవచ్చును. 1936 నవంబరు 13వ తేదీన రూజ్వెల్టు స్వయముగా వచ్చి పనులు చూచిపోయెను; ఆ సందర్శనమును గూడ కెమెరా విడువలేదు. ఖర్చు మితిమీరినదనియు, ఇది సామ్యవాదపు మొలక యనియు పత్రికలు, ప్రతిపక్షులు నిత్యము దుమ్మెత్తి పోయుచుండిన ఆ రోజులలో ప్రతి పటమును ఒక సమాధానమే.

1937 సెప్టెంబరు 30వ తేదీన తొలి కుటుంబములు దిగెను. నాటి ఇండ్లు మొత్తము 885: వరుసయిండ్లు 574, అంతస్తుల భవనములలోని వాటాలు 306, ముందుగా తయారుచేసిన విడిభాగములు కూర్చి నిలిపిన ప్రయోగపుటిండ్లు 5. హేల్ వాకరు గీసిన పటము ప్రకారము ఊరు నెలవంక ఆకృతిని మెట్టమీద వంగియుండును. ప్రతి ఇంటికిని రెండు ముఖములు కలవు. బొగ్గు, చెత్త, బండ్లు వచ్చిపోవు వైపు వీథికిని, కూర్చుండు గది ఉన్న వైపు లోపలి తోటకును తిరిగియుండును; నివాసులు మొదటిదానిని పనిప్రక్క యనియు, రెండవదానిని తోటప్రక్క యనియు నేటికిని వ్యవహరింతురు. నడచువారు వీథి దాటవలసిన చోట బాటను రహదారి క్రిందుగా సొరంగమువలె పోనిచ్చిరి. కారు ఎదురుపడకుండ పసిపిల్ల బడికి పోవచ్చును.

ఛాయాగ్రాహకులు సహజముగా తోటప్రక్కనే నిలిచిరి. మేరియన్ పోస్టు వోల్కాటు, యుద్ధకాలమున 1942లో మార్జొరీ కాలిన్సు ఈ ఊరిని తీసిరి. కాలిన్సు దృష్టి కట్టడములకంటె దినచర్యమీద ఎక్కువ: సహకార దుకాణమున సరకులు కొను ఇల్లాండ్రు, ఆటస్థలమున బిడ్డలు ఆమె పటములకు ప్రాణము. అయితే దృశ్యమును తీర్చినది కెమెరా ఒక్కటియే కాదు. సాయంకాలము 4 గంటలు దాటిన పిమ్మటను, ఆదివారములందును తీగలపై బట్టలు వ్రేలాడరాదని నాటి ఊరి నిబంధన; కుక్కలను పెంచరాదనియు ఉండెను; భార్య ఉద్యోగినియైన కుటుంబమునకు తొలుత ఇల్లే ఇయ్యలేదు. పటమున కనబడు ఆ నిర్మలత్వమున కొంత భాగము ఆకాశముది, చెట్లది. కొంత భాగము నిబంధనలది. అందలి తల్లులు పగటివేళ ఇంటిపట్టుననే యుండుట కేవలము వారి యిచ్ఛ కాదని ఎరిగి చూడవలెను.

ఇక పరిసరముల సంగతి. ఊరికి పేరు తెచ్చిన పచ్చని వలయమును పటముగా తీయుట మిక్కిలి కష్టము. చెరువు చక్కగా పడును, కాలిబాట పడును, చౌకులో లెనోర్ థామసు సున్నపురాతిలో మలచిన తల్లీబిడ్డల ప్రతిమ ఇంకను చక్కగా పడును. వలయము మాత్రము కోటగోడవలె ఎదుట నిలుచునది కాదు. నేలమీద నిలిచినవానికి అది వెనుకనుండు నాలుగు చెట్లు మాత్రమే. దానిని వలయముగా చూపగలిగినది విమానమెక్కిన కెమెరాయే: నెలవంకగా తెల్లని ఇండ్లు, వాటిని నలుదిక్కుల ఆవరించిన నల్లని అడవి, ఉత్తరమున బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనక్షేత్రపు చేలు. 1939లో న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున చూపిన "ది సిటీ" అను చలనచిత్రము ఆ చిక్కును మరియొక విధముగా దాటెను. రాల్ఫ్ స్టైనరు, విల్లార్డ్ వాన్ డైకు తీసిన ఆ చిత్రమునకు లూయీ మంఫర్డు వ్యాఖ్య వ్రాసెను, ఏరన్ కోప్లాండు సంగీతము కూర్చెను. అందు చివరిభాగమున బాలురు సైకిళ్ళెక్కి గ్రీన్‌బెల్టు బాటలవెంట పోవుచుందురు. నిశ్చలచిత్రము చెప్పలేని విస్తీర్ణమును ఆ సైకిళ్ళ పరుగు చెప్పగలిగినది.

ఈ పటముల రాశిలో నన్ను మిక్కిలి కలచివేయునది మరియొకటి. నిర్మాణకాలపు పటములలో నల్లజాతి కూలీలు కలరు. చెట్లు కొట్టినవారిలో, మన్ను మోసినవారిలో వారి చేతులును ఉన్నవి. 1937 తరువాతి పటములలో, గృహప్రవేశము చేసినవారి నడుమ, వారు లేరు. ఆ ఇండ్లు తెల్లవారికే యని ప్రభుత్వము నిర్ణయించెను. సమీపమున రాస్‌విల్ అను నల్లజాతి పల్లె పూర్వమునుండి కలదు. తొలి ప్రణాళికలో వలయపు ఉత్తరభాగమున నల్లజాతి రైతుకుటుంబములకు వేరుగా ఒక విభాగము తలపెట్టిరి గాని, దానిని విడిచిపెట్టిరి. స్ట్రైకరు తనకు నచ్చని నెగటివులకు చిల్లులు పొడిచి పనికిరాకుండ చేయుచుండెను. అట్టి చిల్లులు పడిన చిత్రములు నేటికిని గుండ్రని నల్లమచ్చతో కాంగ్రెసు గ్రంథాలయమున ఉన్నవి. తలపెట్టి విడిచిన ఆ విభాగపు ఇండ్లకు ఆ చిల్లు పొడువవలసిన అవసరము గూడ లేకపోయెను. కట్టనిదానిని పటము తీయుట యెట్లు?

యుద్ధము వచ్చుటతో 1941లో రక్షణోద్యోగులకై మరి 1,000 ఇండ్లు లేచెను. యుద్ధము ముగిసిన పిమ్మట ప్రభుత్వము ఈ ఊళ్ళను వదిలించుకొనదలచెను. గ్రీన్‌బెల్టు ఇండ్లను 1952లో నివాసుల సహకారసంఘమే కొన్నది. అదియే నేటి గ్రీన్‌బెల్ట్ హోమ్సు. వలయమునకు అంతటి భాగ్యము పట్టలేదు. కొంతభాగము జాతీయోద్యానముగా మిగిలెను. మిగిలినదానిలో చాలవరకు అమ్ముడైపోయెను. 1954లో బాల్టిమోర్-వాషింగ్టన్ రాచబాట, 1960వ దశకమున రాజధాని వలయరహదారి ఆ పచ్చదనమును చీల్చుకొనిపోయెను. ఊరి చెంతనే 1959లో గొడార్డు అంతరిక్షకేంద్రము వెలసినది.

1997లో గ్రీన్‌బెల్టు జాతీయ చారిత్రకస్థలముగా గుర్తింపు పొందెను. ఇండ్లు నిలిచినవి గనుక వాటి రూపమును ఎవరైనను పోయి చూడవచ్చును. వలయము సంగతి అట్లు కాదు. దాని ఎల్ల లెచ్చటివో, ఏ చేను ఎచ్చట ముగిసి ఏ అడవి ఎచ్చట మొదలయ్యెనో తెలిసికొనగోరువారు విమానమునుండి తీసిన ఆ నాటి పటములనే ఆశ్రయింపవలెను. ఒకప్పుడు ప్రభుత్వపు కీర్తికై తీయించిన చిత్రములు నేడు భూమి హద్దులకు దస్తావేజులైనవి. తక్కిన అడవినైనను కాపాడవలెనని పోరాడువారు వాటినే సాక్ష్యముగా చూపవలసియున్నది.