బేగంపేటలో ఆఖరి రాత్రి

2008 మార్చి 22, శనివారం. రాత్రి పదకొండు కావొస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అక్క వస్తోంది. మీరు అలవాటుగా బేగంపేట ఎయిర్‌పోర్టు ముందు దిగారు. కొత్త ఎయిర్‌పోర్టు 16నే మొదలవుతుందన్నారు, వాయిదా పడింది. ఇప్పట్లో కాదులే అనుకున్నారు.

స్టాండులో ట్యాక్సీ డ్రైవర్, చెవి వెనక ఇంకా హోలీ రంగు, మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. "గిక్కడికెందుకొచ్చిండ్రు? పన్నెండు గొట్టంగనే ఇది బంద్. ఇగ అన్నీ శంషాబాద్‌లనే."

నడుస్తున్నదాన్ని మూయడమేమిటి? 1930లలో నిజాం రాజ్యపు ఏరో క్లబ్ కోసం మొదలైన మైదానం ఇది. దక్కన్ ఎయిర్‌వేస్ ఎగిరిందీ ఇక్కడి నుంచే. కానీ కొత్తది కట్టినవాళ్లతో సర్కారు ఒప్పందం రాసుకుంది: 150 కిలోమీటర్ల లోపల ఇంకో పౌర విమానాశ్రయం నడవకూడదు. పది రోజుల కింద ఉద్యోగులు సమ్మెకు దిగినా ఆ మాట మారలేదు.

అక్క విమానం అర్ధరాత్రి దాటగానే దిగుతుంది. రైలు? బేగంపేట స్టేషన్ దగ్గరే. కానీ ఎంఎంటీఎస్ ఫలక్‌నుమాలో ఆగిపోతుంది. శంషాబాద్‌ను ఆనుకున్న ఉమ్దానగర్‌కు అది చేరేది 2023లో. అంతసేపు అక్క ఆగదు. ట్యాక్సీ ఎక్కండి.

"మెహదీపట్నమా, బహదూర్‌పురానా?"

ఏ దారో ఇప్పుడే చెప్పాలి. మెహదీపట్నం అంటారు.

రోడ్డు నడుమ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్లు. అది తెరిచేది వచ్చే ఏడు అక్టోబరులో. ఈ రాత్రికి మీ వాటా దాని దుమ్మే. అత్తాపూర్‌లో గుంత. తల టాపుకు తగులుతుంది. ఆరాంఘర్ దాటగానే బెంగళూరు హైవే, లారీల వరస. డ్రైవర్ గడియారం చూస్తాడు. కుడివైపు తీస్తాడు.

ఎదురుగా లైట్లు.

హారన్. బ్రేకు. తారు పోయింది. మట్టి. చక్రం జారింది. మీ చెయ్యి తలుపు పిడి మీద బిగుసుకుంది. లారీ గాలి మొహానికి కొట్టింది. పోయింది.

మళ్లీ తారు. ఎవరూ మాట్లాడరు.

గగన్‌పహాడ్ దాటాక నెత్తి మీద మోత. కిటికీలోంచి మెడ చాచండి. లుఫ్తాన్సా. కొత్త ఎయిర్‌పోర్టు 4,260 మీటర్ల రన్‌వే మీద దిగుతున్న మొట్టమొదటి వాణిజ్య విమానం. అందులోనే అక్క.

పరుగెత్తండి. కొత్త పెయింటు వాసన. ఎటు వెళ్లాలో తెలియని జనం. బోర్డులు చదువుకుంటూ తోసుకుంటూ గేటు చేరేసరికి, అక్క ట్రాలీ తోస్తూ బయటికి వస్తోంది.

"ఇదెక్కడ దించార్రా? ఇల్లెంత దూరం?"

డ్రైవర్ ఇంకా వెళ్లలేదు. "ఈసారి బహదూర్‌పురా నుంచి పోదామా?" అంటున్నాడు.