రశీదు లేని రామదాసు

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, పాత గైడ్లకీ నవలలకీ మధ్య దొరికింది నాకది. ‘భక్త రామదాసు’ పాటల పుస్తకం. 1964లో విడుదలైన సినిమా. ధర అచ్చేసిన మూల చెదలు తినేసింది. రెండు పిన్నులూ తుప్పుపట్టి, ఆ తుప్పు లోపలి కాగితాల్లోకి గోధుమరంగు మరకలా పాకింది. అమ్మేవాడు దానికి విడిగా డబ్బులు కూడా అడగలేదు. నేను కొన్న నిఘంటువు మీద పడేసి, “ఇదీ తీసుకోండి సార్, ఎవరూ అడగరు” అన్నాడు.

ఆ కాలపు పాటల పుస్తకాలన్నిటికీ ఒక పద్ధతి ఉండేది. ముందు నటీనటుల పేర్లు, తర్వాత కథాసంగ్రహం, ఆ వెనక పాటలు. కథ మాత్రం పూర్తిగా చెప్పరు. సరిగ్గా చిక్కుముడి పడ్డ చోట ఆపేసి, మిగతాది వెండితెర మీద చూడమంటారు. నటీనటుల పేర్లలో మొదటిది చిత్తూరు వి. నాగయ్య. ఆయన కథలో మిగతాది వెండితెర మీద దొరకదు. ఎక్కడ దొరుకుతుందో వెతుకుదామని కూర్చుంటే, వెతకడానికి చోట్లు ఎంత తక్కువగా మిగిలాయో తెలిసొచ్చింది.

ఉప్పలదడియం నాగయ్య 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. ఇంటిపేరు పోయి ఊరిపేరు నిలవడానికి కారణం చిత్తూరు రామవిలాస సభ నాటకాలు. గుమాస్తాగిరీ, పత్రికాఫీసు ఉద్యోగం, ఇంట్లో వరసగా చావులు, ఆ దుఃఖంలో కొన్నాళ్లు తిరువణ్ణామలై రమణాశ్రమం, ఇవన్నీ అయ్యాకే సినిమా. 1938లో హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’లో వేషం ఇచ్చేనాటికి ఆయనకు ముప్ఫై నాలుగేళ్లు. కథానాయకుడిగా మొదలుపెట్టే వయసు కాదు. అయినా మరుసటేడు వాహినీ వారి మొదటి చిత్రం ‘వందేమాతరం’లో కాంచనమాల పక్కన నాయకుడూ ఆయనే, సంగీతదర్శకుడూ ఆయనే. 1940 ‘సుమంగళి’లో వీరేశలింగం గారిని తలపించే ముదుసలి పంతులు, ఆ మరుసటేడే ‘దేవత’లో సీమ నుంచి తిరిగొచ్చిన కుర్ర బారిస్టరు. ఎక్కడో బొంబాయిలో కూర్చుని అందరినీ చీల్చి చెండాడే ‘ఫిల్మిండియా’ పత్రిక సంపాదకుడు బాబూరావు పటేల్ అంతటివాడు ఈయన్ని హాలీవుడ్ నటుడితో పోల్చి, భారతదేశపు పాల్ ముని అన్నాడు.

ఆపైన మూడు సినిమాలు. 1943లో కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన ‘భక్త పోతన’, 1946లో నాగయ్య గారే సొంతంగా తీసిన ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’. మా అమ్మమ్మ తరానికి పోతన ముఖం ఎలా ఉంటుందంటే నాగయ్య ముఖంలా ఉంటుంది. ఇందులో నటన వాటా ఎంతో గొంతు వాటా అంత. తన పాట తానే పాడుకుంటాడు. అరుపు లేదు, ఆర్భాటం లేదు, పక్కింటి అరుగు మీద కూర్చుని తనలో తాను అనుకుంటున్నట్టు ఉంటుంది. ఆ గొంతు విన్నవాడికి వేషం కనిపించడం మానేస్తుంది. లక్ష రూపాయల నటుడని ఆయనకు పేరొచ్చింది ఆ రోజుల్లోనే. 1940లలో లక్ష అంటే ఎంతో ఊహించుకోవాల్సిందే.

ఆ లక్షలు ఎటు పోయాయన్నదానికి ఒక్క జవాబు లేదు. ఇల్లు సత్రంలా ఉండేదన్న మాట ఆయన్ని ఎరిగిన ప్రతివాళ్లూ చెప్పిందే. మద్రాసు సెంట్రల్‌లో రైలు దిగి, జేబులో అడ్రసు చీటీ పెట్టుకుని వచ్చిన ప్రతి కళాకారుడికీ అక్కడ భోజనం ఉండేది. అడిగినవాడికి లేదనడం ఆయనకు చేతకాదు. ‘త్యాగయ్య’ తెచ్చిన డబ్బుతో తిరువయ్యారులో సత్రం కట్టించారని కూడా చెబుతారు. దానమే ఆయన్ని ముంచిందని మనం అనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది, విన్నవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. కానీ దానాలకు మించి మింగింది సొంత నిర్మాణం. 1953లో ‘నా ఇల్లు’ తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. తర్వాత ‘రామదాసు’ మొదలుపెట్టారు. అది ఏళ్ల తరబడి సాగింది. షూటింగ్ ఆగినప్పుడల్లా సెట్టుకు అద్దె ఆగదు, అప్పుకు వడ్డీ ఆగదు.

ఈలోగా కాలం కూడా ఆగలేదు. తన పాట తానే పాడుకునే నటుడి అవసరం తీరిపోయింది. తెరవెనక ఘంటసాల పాడుతుంటే తెర మీద పెదవి కదిపే అందగాళ్ల యుగం వచ్చింది. విచిత్రమేమంటే ఘంటసాల గొంతు సినిమాలో తొలిసారి వినబడిన ‘స్వర్గసీమ’లో కథానాయకుడు నాగయ్యే. 1950లో హ్యూగో నవల ఆధారంగా వచ్చిన ‘బీదలపాట్లు’లో దొంగగా మొదలై దొరగా ముగిసే పాత్ర వేసి మరోసారి అందరినీ ఏడిపించారు. ఆ తర్వాత తండ్రులు, తాతలు, మునులు. 1963 ‘లవకుశ’లో వాల్మీకి గుర్తుండని తెలుగువాడు ఉండడు. అయితే వాల్మీకి వేషానికీ పోతన వేషానికీ నడుమ ఆయన ఇల్లూ, వాకిలీ, బ్యాంకు పుస్తకమూ కరిగిపోయి ఉన్నాయి.

‘భక్త రామదాసు’ ఎట్టకేలకు 1964లో బయటికొచ్చింది. కబీరుగా గుమ్మడి కనిపిస్తారు, ఆయన వెనక మహమ్మద్ రఫీ పాడతారు. రామదాసు భార్య కమలాంబ వేషం వేసిన కన్నాంబ ఆ ఏడే పోయారు. అరవయ్యేళ్ల నాగయ్య రామదాసుగా గోలకొండ చెరసాలలో కూర్చున్నారు. సినిమా డబ్బు తేలేదు.

ఆ కథే ఎందుకు ఎంచుకున్నారో గానీ, అంతకంటే క్రూరమైన అద్దం ఆయనకు దొరికేది కాదు. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న గోలకొండ ప్రభువు తానీషాకు కట్టాల్సిన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించాడు, జైలుపాలయ్యాడు. చివరికి రామలక్ష్మణులు సేవకుల వేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు తానీషా ముందు పోసి, రశీదు రాయించుకుని, దాన్ని నిద్రపోతున్న గోపన్న దగ్గర పెట్టి వెళ్లారని మన కథ. నేను చిన్నప్పటి నుంచీ విన్నా, ఈ కథలో రశీదు సంగతి మీద ఎప్పుడూ నిలబడి ఆలోచించలేదు. దేవుడైనా సరే, డబ్బు కట్టి వట్టి చేతులతో పోలేదు. కాగితం అడిగాడు. జైల్లో రామదాసు పాడిన కీర్తనల్లో కూడా ఒకటి నిండా లెక్కలే, సీతమ్మకు ఏది చేయించానో, లక్ష్మణుడికి ఏది చేయించానో, దేనికి ఎంతయిందో.

నాగయ్య గారి అప్పుకు ఏ సేవకులూ రాలేదు. 1965లో పద్మశ్రీ వచ్చింది, దక్షిణాది నటుల్లో మొదటివాళ్లలో ఒకరిగా. పద్మశ్రీతో అంగడిలో బియ్యం ఇవ్వరు. ఒకప్పుడు తన ఇంట్లో తిన్నవాళ్లు నిర్మాతలయ్యారు, వాళ్ల సినిమాల్లో ఒకటి రెండు సీన్ల వేషాలకు ఆయన మేకప్ వేసుకుని కూర్చున్నారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో వెళ్లిపోయారు. ఆఖరి ఖర్చులకు తోటి నటులు తలో చెయ్యీ వేశారని చెప్పుకుంటారు.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే, నటి సావిత్రి గారి కథతో కలిపి చెప్పుకునేదే. నన్ను పట్టి పీడిస్తున్నది ఆ తర్వాతి భాగం.

నటుడు పోయాక ఏం మిగలాలి? సినిమాలు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒప్పంద పత్రాలు మిగలాలి, ఏ వేషానికి ఎంత ఇచ్చారో, ఎంత ఎగ్గొట్టారో వాటిలోనే ఉంటుంది. షూటింగులో తీసిన వర్కింగ్ స్టిల్స్, ముసలి పంతులు వేషానికి ముందు చేసిన మేకప్ పరీక్షల ఫొటోలు, అంచుల్లో పెన్సిలు గుర్తులున్న స్క్రిప్టు, బాణీ కట్టుకుంటూ స్వరాలు రాసుకున్న నోటుబుక్కు. అభిమానుల ఉత్తరాలు. అప్పులవాళ్ల ఉత్తరాలు మరీ ముఖ్యం. నాగయ్య నటుడూ, గాయకుడూ, సంగీతదర్శకుడూ, దర్శకుడూ, నిర్మాతా. ఒక్క మనిషి బీరువాలో అయిదుగురి కాగితాలు ఉండాలి. అయితే ఇల్లు నిలిస్తేనే బీరువా నిలుస్తుంది. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ మొదట వెళ్లిపోయేవి కాగితాలే. ఇది నాగయ్య గారొక్కరి సంగతి కాదు, మా ఇంట్లో మా తాత ఉత్తరాలూ అలాగే పోయాయి. పడిపోయిన మనిషి వెంట అతని పడిపోవడానికి సాక్ష్యం కూడా పోతుంది. అందుకే మనకు ఆయన పతనం గురించి కథలే ఉన్నాయి, లెక్కలు లేవు. ఎవరు ఎంత తిన్నారో, ఎవరు తిరిగిచ్చారో చెప్పే రశీదు లేదు.

సినిమా ఫిల్ము సంగతి ఇంకా ఘోరం. ఆయన గొప్ప వేషాలన్నీ నైట్రేటు ఫిల్ము కాలానివి. అది కాలడానికి గాలి కూడా అక్కర్లేదు, తన ఆక్సిజన్ తానే పుట్టించుకుంటుంది. నీళ్లలో ముంచినా మండుతుంది. 1950ల మొదట్లో దాని వాడకం ఆగి, వచ్చిన ఎసిటేటు ఫిల్ము మండదు గానీ ఉక్కపోతలో కుళ్లుతుంది, డబ్బా మూత తీస్తే పచ్చడి జాడీలా పులిసిన వాసన. రెంటికీ చల్లగా, పొడిగా ఉండే గది కావాలి. మద్రాసు గాలి వాటికి శత్రువు. వీటన్నిటికీ మించిన శత్రువు మరొకటి: నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. సినిమా ఆడటం ఆగిపోయాక రీలు విలువ దానిలోని వెండి విలువే. మన మొదటి టాకీ ‘ఆలంఆరా’ (1931) కోసం పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన పి.కె. నాయర్ దాన్ని తీసిన అర్దేశిర్ ఇరానీ దగ్గరకు వెళితే, ఆ రీళ్లు వెండి కోసం ఎప్పుడో కరిగిపోయాయని తేలింది. నాగయ్యను సినిమాకు తెచ్చిన హెచ్.ఎం. రెడ్డే తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కూడా చూడటానికి లేదు. వెండితెర అనే మాటను మనవాళ్లు ఇంత అక్షరాలా తీసుకుంటారని ఆ మాట పుట్టించినవాడు అనుకుని ఉండడు.

దాచినచోట కూడా దక్కుతుందన్న ధీమా లేదు. ప్రభుత్వం పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో, అంటే సరిగ్గా ‘రామదాసు’ విడుదలైన ఏడు. 2003 జనవరి 8న అక్కడి నైట్రేటు గోదాముకు నిప్పంటుకుంది. భద్రంగా ఉన్నాయనుకున్న వందల సినిమాలు ఒక్క దెబ్బకు పోయాయి.

తెలుగువాళ్లకు దీనికి తోడు వలస దెబ్బ. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు మెల్లమెల్లగా తరలింది. హీరోలు వచ్చారు, స్టూడియోలు కొత్తవి లేచాయి, ల్యాబుల్లో నెగెటివ్‌లూ, ఆఫీసుల్లో ఫైళ్లూ అక్కడే ఉండిపోయాయి. వడపళనిలో ఒకనాటి విజయా వాహినీ చోటులో ఇవాళ ఆసుపత్రి, హోటలు, మాల్ ఉన్నాయి. అద్దె కట్టేవాడు లేని డబ్బాలను ఎవరు మాత్రం ఎన్నాళ్లు మోస్తారు?

ఇంతకంటే నయమైన పతనాలూ ఉన్నాయి లోకంలో. హాలీవుడ్‌లో బస్టర్ కీటన్ కూడా ఇలాగే ఆకాశం నుంచి నేలకు పడ్డాడు. స్టూడియో చేతిలో స్వేచ్ఛ పోయింది, తాగుడు పట్టుకుంది, విడాకుల్లో బెవర్లీ హిల్స్ భవనం పోయింది. ఏళ్ల తర్వాత ఆ ఇల్లు కొన్న నటుడు జేమ్స్ మేసన్ పెరట్లో మూసివున్న గది తెరిస్తే, లోపల కీటన్ సినిమాల రీళ్లు. పోయాయనుకున్నవి సైతం. పోగొట్టుకున్న ఇంట్లోనే పోకుండా ఉన్నాయి, అప్పటికి కీటన్ బతికే ఉన్నాడు. అదృష్టం కూడా ఒక తాళం, ఒక మూసిన గది ఉంటే గానీ పనిచేయదన్నమాట.

నాగయ్య గారి విగ్రహం చెన్నై పానగల్ పార్కులో ఉంది. పానగల్ రాజా రామరాయణింగారు కూడా తెలుగువాడే, ఆ మహానగరంలో మన తాతల జాడలు చాలానే ఉన్నాయి. చుట్టూ టీ నగర్ చీరల దుకాణాల హోరు. చీరల సంచులు మోసుకుపోయేవాళ్లలో ఒక్కరైనా ఆగి చూస్తారేమోనని నేను చాలాసేపే నిలబడ్డాను. విగ్రహానికి గొంతు ఉండదు, అదీ చిక్కు. పోతన, వేమన ఇవాళ ఫోన్లో దొరుకుతాయి, ఎన్నిసార్లు నకలు తీసిన నకలో, ముఖం మీద గీతలు, గొంతులో గరగర. మొదట రికార్డయినప్పుడు ఆ గొంతు ఎలా ఉండేదో మన చెవులు ఊహించుకోవాలి.

రామదాసు చేయించిన నగలు భద్రాచలంలో ఇప్పటికీ ఉన్నాయి. చింతాకు పతకం, పచ్చల పతకం, కలికితురాయి, ప్రతిదానికీ పేరుంది, పెట్టె ఉంది, తాళం ఉంది. మూడు వందల ఏళ్లకు పైబడి నవాబులు మారినా, దొరలు మారినా, రాష్ట్రాలు మారినా వాటిని ఎవరో ఒకరు లెక్కచూసి తీసి, లెక్కచూసి లోపల పెడుతూనే ఉన్నారు. కాబట్టి మనకు దాచడం రాదని అనలేను.

పాటల పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పాత కాగితాలు బాగుచేసే ఒక మిత్రుడు చెప్పినట్టు, ముందు పిన్నులు విప్పాను. వంట గదిలోంచి చిన్న చాకు తెచ్చి, ఒక్కో కొసా ఎత్తి, ఊపిరి బిగబట్టి. రెండోది తీస్తుంటే సగానికి విరిగింది. తుప్పు మరక కథాసంగ్రహం మొత్తాన్నీ దాటి, గోపన్నను చెరసాలలో పెట్టిన వాక్యం దగ్గర ఆగింది. కాగితాలను తెల్లటి కాగితాల మధ్య పరిచి పైన నిఘంటువు పెట్టాను. పిన్నుల ముక్కలు మూడూ అగ్గిపెట్టెలో వేసి, పైన తేదీ రాశాను.