వంటింట్లోకి మరో పెట్టె

ఓవెన్ ఉండగా ఎయిర్ ఫ్రయర్ కూడా కొనాలా అని స్నేహితురాళ్లు అడిగినప్పుడల్లా నాకు దాని పుట్టుక గుర్తొస్తుంది. ఫిలిప్స్ 2010లో దాన్ని మార్కెట్లోకి తెచ్చి వేపుడు పేరు పెట్టింది గానీ, నిజానికి అది వేయించదు. ఇరుకు పెట్టెలో వేడిగాలిని ఫ్యానుతో గిరగిరా తిప్పుతుంది. అదేం కొత్త సంగతి కాదు. 1945లోనే అమెరికాలో విలియం మాక్సన్ ఫ్యానున్న ఓవెన్ తయారుచేశాడు, విమానాల్లో సైనికులకి గడ్డకట్టిన భోజనం వేడిచేసి పెట్టడానికి.

కాబట్టి ఇంట్లో ఓవెన్‌కి ఫ్యానుంటే కొత్తగా ఒరిగేది తక్కువే. ఇద్దరే ఉన్నచోట నాలుగు బెండకాయలో, గుప్పెడు చామదుంపలో వేపుకోడానికి మాత్రం నయం. చిన్నది కనుక త్వరగా వేడెక్కుతుంది, కరెంటు తక్కువ కాలుతుంది, మూకుడు దగ్గర చెమటలు కక్కుతూ నిలబడక్కర్లేదు. ఆరుగురున్న ఇంట్లో అదే బుట్టని మూడుసార్లు నింపాలి. నింపేదెవరు?

చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' చదివాక ఏ యంత్రాన్ని చూసినా నాకిదే ప్రశ్న. యంత్రాలొచ్చాక మగవాళ్ల, పిల్లల, పనివాళ్ల వంతు తగ్గింది, తల్లి చాకిరీ అలాగే మిగిలిందంటుందామె. కట్టెలు కొట్టే మగవాడికి స్టవ్ సెలవిచ్చింది. వండే ఆమెకి ఇంకో రెండు వంటకాలు కలిశాయి. మన దేశంలో 2019 నాటి కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు దానికే పెట్టారు. చేసే మగవాళ్లు (అందరూ కాదు సుమా) 97.

చిన్న కుటుంబమైతే కొనుక్కోమనే చెప్తాను, బుట్ట కడిగే వంతు ఎవరిదో ముందే తేల్చుకుని. ఆ నల్లటి పూతకి ఇనుప పీచు తగలకూడదు. మెత్తటి గుడ్డతో తోమాలి, అదీ వాడిన ప్రతిసారీ.