కారే కారు కథ

"కారు" అన్న మాటకి తెలుగులో ఉన్న రెండో అర్థం ఆ బండిని కనిపెట్టినవాళ్ళకి తెలిసే అవకాశం లేదు. తెలిసుంటే తప్పకుండా నవ్వుకునేవారు. ఎందుకంటే నీళ్ళు కారడం, ఆ కారే చోటు వెతకడం అన్నవి కారు పుట్టిన కొద్ది రోజులకే దాంతోపాటు పుట్టాయి. మనలో చాలామందికి కూలెంట్ లీక్ అంటే వర్క్‌షాపు బిల్లులో ఒక లైను, అంతే. దాని చరిత్ర తెలిస్తే మాత్రం లీకు ఎక్కడుందో వెతకడం కూడా సులువవుతుంది. ఎలాగో చూడండి.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిలో ఈ గొడవే లేదు. ఇంజను చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోయేవి. అయిపోతే మళ్ళీ పొయ్యాలి. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, సుమారు 100 కిలోమీటర్లు, దారి పొడుగునా నీళ్ళు పోసుకుంటూనే వెళ్ళింది. నీళ్ళన్నీ ఎలాగూ పోయేవే అయినప్పుడు ఇక లీకేముంది!

ఆ నీళ్ళని పోగొట్టుకోకుండా చల్లార్చి మళ్ళీ వాడుకుందాం అనుకున్నప్పుడు వచ్చింది అసలు చిక్కు. 1900లో విల్‌హెల్మ్ మైబాఖ్ తయారుచేసిన మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకి తేనెపట్టు లాంటి రేడియేటర్ పెట్టాడు. అందులో 8,000 పైచిలుకు సన్నటి గొట్టాలు. దాంతో 9 లీటర్ల నీళ్ళే సరిపోయాయి. మన భాషలో చెప్పాలంటే మెమరీని మళ్ళీ మళ్ళీ వాడుకోవడం మొదలైంది, దాంతోపాటే లీకూ మొదలైంది. అన్ని గొట్టాలకి అతుకులు ఎన్నో మీరే లెక్కేసుకోండి.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీది ఇంకో దారి. మొదటి రెండున్నర వేల కార్ల తర్వాత వాటర్ పంపునే పీకేశారు. వేడినీళ్ళు పైకి, చల్లనీళ్ళు కిందికి వాటంతటవే తిరుగుతాయి. పంపు లేదు, పంపు లీకూ లేదు. కానీ ఇంజన్ల బలం పెరిగేకొద్దీ పంపు మళ్ళీ తప్పలేదు. తిరిగే ఇరుసు చుట్టూ ఉండే సీలు ఎప్పటికైనా అరుగుతుంది. అందుకే పంపుకి కావాలనే ఓ చిన్న కన్నం వదుల్తారు. సీలు పోతే నీళ్ళు బేరింగులోకి పోకుండా అక్కణ్ణుంచి బయటికి కారతాయి. ఎర్రర్ మెసేజ్ అన్నమాట!

చలిదేశాల కష్టం వేరు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఇనుప బ్లాకైనా పగలాల్సిందే. మొదట్లో ఆల్కహాల్ కలిపేవారు గానీ అది ఆవిరైపోయేది. 1927లో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ మార్కెట్లోకి వచ్చింది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కాకపోతే నీళ్ళు దూరని సందులో కూడా ఇది దూరుతుంది. పైగా తియ్యగా ఉండే విషం. కింద కారిన మడుగుని వీధికుక్క నాకితే మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. కాబట్టి ఎక్కడైనా ఒలికితే వెంటనే తుడిచి కడిగెయ్యండి.

రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ పైలట్లకైతే గ్లైకాల్ లీకంటే ప్రాణాల మీదకే. రేడియేటర్‌కి ఒక్క తూటా తగిలితే చాలు, వెనక తెల్లటి ఆవిరి చార. ఆ తర్వాత ఇంజను పనిచేసేది కొద్ది నిమిషాలే.

నీళ్ళతో చల్లబడే కార్లకి ప్రెషర్ మూత కూడా వచ్చింది. మన వంటింటి కుక్కర్ సూత్రమే. ఒత్తిడి పెంచితే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. అందుకే ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తియ్యకూడదు, తీస్తే మొహం కాలుతుంది.

మన దగ్గర చలి బాధ లేదు కాబట్టి అంబాసిడర్ల రోజుల్లో నీళ్ళే కూలెంటు. ఘాట్ రోడ్డు మధ్యలో బానెట్ ఎత్తి, చల్లారాక నీళ్ళు పోసుకుని బయల్దేరడం మామూలే. 1983లో మారుతి 800 వచ్చాక కార్లు మారాయి గానీ "నీళ్ళు పోస్తే సరి" అన్న అలవాటు మాత్రం పోలేదు. బోరు నీళ్ళలోని లవణాలు లోపల పొరకడతాయి. పోసేకొద్దీ తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు పలచబడతాయి. అంటే ఇవ్వాళ్టి లీకుకి నీళ్ళు పోసి రేపటి లీకుని తయారుచేసుకుంటున్నామన్నమాట.

ఇప్పుడు ఈ చరిత్రంతా డీబగ్గింగ్ చెక్‌లిస్టులా చదవండి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీద మట్టానికి గీత పెట్టుకోండి. రాత్రి బండి కింద అట్టముక్క పరవండి. రేడియేటర్ అతుకులు, గొట్టాల చివర్లు, పంపు కన్నం, మూత రబ్బరు వరసగా చూడండి. ఎండిన మరకలు కనిపిస్తే అక్కడే. కారు లోపల తియ్యటి వాసన, కాళ్ళ దగ్గర మ్యాటు తడి ఉంటే హీటర్‌ని అనుమానించాలి. బయట ఎక్కడా చుక్క లేకుండా మట్టం తగ్గుతూ, పొగ తెల్లగా, ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే హెడ్ గ్యాస్కెట్.

కొన్ని లీకులు ఒత్తిడి ఉంటేనే కారతాయి. "నా మెషీన్లో బాగానే ఉంది" టైపు బగ్గులు ఇవి. చల్లటి ఇంజను మీద చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు పడిపోతోందా అని చూస్తేనే దొరుకుతాయి. అప్పుడు పాడైన గొట్టమో సీలో మార్చాలి. అలా కాకుండా లీకు మూసే పొడి పోస్తే సన్నటి గొట్టాలు కూడా పూడుకుపోవచ్చు. సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసెయ్యడం లాంటిదే అదీ.

ఇంకో ముఖ్యమైన సంగతి. టెంపరేచర్ ముల్లుని గుడ్డిగా నమ్మకండి. సెన్సారు కూలెంటులో మునిగి ఉండాలి. మొత్తం కారిపోతే అది గాల్లో ఉండి, హెడ్ వంకరపోతున్నా అంతా బాగానే ఉందని చూపించొచ్చు.

"మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, మాకెందుకీ నీళ్ళ గోల" అంటారా? ఇవ్వాళ ఏఐ సర్వర్ల ర్యాకుల్లో చిప్పుల మీదుగా నీళ్ళూ ప్రొపిలీన్ గ్లైకాలూ కలిపి పారిస్తున్నారు. అక్కడా అవే అతుకులు, అవే గొట్టాలు, అదే పంపు. ఇకమీదట ఆన్‌కాల్‌లో ఉన్నప్పుడు ఎవరైనా "లీకు" అని ఫోన్ చేస్తే "మెమరీయా, నీళ్ళా?" అని అడగాల్సిందే.