పేగులో అడ్డం పడ్డ రాయి

మా మేనత్తకి డెబ్భై దాటాయి. నాలుగేళ్ళ క్రితం కడుపునొప్పి, వాంతులు వస్తే మూడ్రోజులు గ్యాస్ మందులతో నెట్టుకొచ్చాం. మధ్యలో ఒక పూట తగ్గింది కూడా. నాలుగో రోజు సీటీ స్కాన్ తీస్తే తేలింది, చిన్నపేగు చివర్లో నిమ్మకాయంత రాయి. గాల్ బ్లాడర్‌లో ఉండాల్సిన రాయి అక్కడికెలా వెళ్ళింది? ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మొదలైన చదువే ఈ టపా.

దీన్ని గాల్ స్టోన్ ఇలియస్ అంటారు. పేరే తప్పు. ఇలియస్ అంటే పేగు కదలిక ఆగిపోవడం, ఇక్కడేమో నిజంగానే రాయి అడ్డం. పేగు అడ్డుపడ్డ కేసుల్లో ఇవి నూటికి ఒకటి నుంచి నాలుగు, ఎక్కువగా పెద్దవయసు వాళ్ళలో. పిత్తాశయం వాచివాచి పక్కనున్న చిన్నపేగు మొదటి భాగానికి అతుక్కుంటుంది. రాయి ఆ గోడల్ని ఒరిసి, చిల్లు పెట్టి, పేగులో పడుతుంది. రెండున్నర సెంటీమీటర్లు దాటితే ఎక్కడో ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. దారిలో ఆగుతూ కదులుతూ పోతుంది కాబట్టి నొప్పి వచ్చిపోతుంటుంది. మనం చూసేటప్పుడు మాత్రం కనపడని బగ్ లాగా అన్నమాట!

1654లో డెన్మార్క్ వైద్యుడు థామస్ బార్తొలిన్ దీన్ని మొదట వర్ణించాడు, అదీ శవపరీక్షలో. 1890లో స్విట్జర్లాండ్ సర్జన్ కూర్వాసియే 131 కేసులు పోగేస్తే 44 శాతం మంది చనిపోయినట్టు తేలింది.

నాకు బాగా నచ్చినవాడు లియో రిగ్లర్, అమెరికాలో మిన్నెసోటా రేడియాలజిస్టు. చాలా పిత్తాశయ రాళ్ళు మామూలు ఎక్స్‌రేలో కనపడవు. అందుకని 1941లో ఆయనా, సహచరులూ రాయినొక్కదాన్నే వెతక్కుండా దాని జాడల్ని కూడా వెతకమన్నారు. పేగు ఉబ్బిందా? పిత్తనాళాల్లో గాలి ఉందా? రాయి దిగిన చిల్లులోంచే పేగులో గాలి పైకెక్కుతుంది మరి. దొంగ కనపడకపోయినా తీసిన తలుపు కనపడుతుంది. ఇప్పుడు సీటీలో దొంగా, తలుపూ రెండూ చాలావరకు దొరికిపోతాయి.

ఆపరేషన్ సూటిగానే ఉంటుంది. పేగుని నిలువుగా కోసి, రాయి తీసి, ఇరుకవకుండా అడ్డంగా కుడతారు. ఇంకో రాయి ఉందేమోనని పేగంతా తడిమి చూస్తారు. అసలు తగాదా చిల్లు దగ్గరే. పిత్తాశయం కూడా అప్పుడే తీసెయ్యాలా? 1994లో రైస్నర్, కోహెన్ 1001 కేసులు సమీక్షించారు. రాయి మాత్రమే తీసినవాళ్ళలో మరణాలు 11.7 శాతం, అన్నీ ఒకేసారి చేసినవాళ్ళలో 16.9.

మా అత్తయ్యకి రాయి మాత్రమే తీశారు. "మూలం వదిలేస్తే ఎలాగండీ?" అని ఇంజనీరు బుద్ధి కొద్దీ అడిగాను. "ఆవిడ ఒంట్లో ఓపిక ఎంతవరకు ఉందో అంతవరకే చేశాం బాబూ. చిల్లు చాలాసార్లు దానంతటదే పూడుకుంటుంది" అన్నారు సర్జన్ గారు.

అప్పుడు నాకు రుచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఎక్కడ ఆపాలో తెలియడం కూడా వైద్యమే. మనం పోగొట్టుకున్నది ఆ మొదటి మూడ్రోజులు. పెద్దవాళ్ళకి నొప్పి ఒక పూట తగ్గితే, తగ్గిందిలే అనుకోకండి.