కోనాయ్ అరచెయ్యి, 1060 నంబరు పొలం: కాగితం మీద ఎవరు? ఏది?

ఈ ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, రాజులూ లేరు. ఒక కాగితం ఉంది, అంతే. ఇంట్లో బీరువాలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకునే దస్తావేజు లాంటి కాగితం.

పాత క్రయ దస్తావేజు ఏదైనా తీసి మొదటి పేజీ చూడండి. ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు, వయస్సు ఇంత, వ్యవసాయం అని ఉంటుంది. చివరికి వెళితే షెడ్యూలు. తూర్పు: ఫలానా సుబ్బయ్య గారి పొలం. దక్షిణం: పుంత. పడమర: ఇంకెవరిదో పొలం. ఉత్తరం: పంటకాలవ. నేను కోడ్ రాసుకునే రోజుల్లో దీన్ని సర్క్యులర్ రిఫరెన్స్ అనేవాళ్లం. మనిషెవరో చెప్పడానికి ఊరిని చూపిస్తున్నాం, పొలమేదో చెప్పడానికి ఊళ్లో మనుషుల్ని చూపిస్తున్నాం. ఒకదానికి ఇంకొకటి ఆధారం. రెండిటినీ మోసేది ఊరి జ్ఞాపకం.

కరణం, పెద్దమనుషులు బతికున్నంత కాలం ఇది బాగానే నడుస్తుంది. ఆ సుబ్బయ్య ఎవరో అందరికీ తెలుసు కదా. కానీ సుబ్బయ్య గారు పోయారు, కొడుకులు పంచుకున్నారు, ఒకాయన తన వాటా అమ్మేసి ఊరొదిలి వెళ్లిపోయాడు అనుకోండి. కాగితం మీద మాత్రం సుబ్బయ్య గారు ఇంకా తూర్పునే ఉంటారు!

ఊరి జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఈ పని చేయాలనే ప్రయత్నాలు మన దేశంలో రెండు, ఒకే సంవత్సరంలో కనిపిస్తాయి. 1858. ఒకటి మనిషి వైపు నుంచి, రెండోది నేల వైపు నుంచి. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం లేదు.

ముందు మనిషి సంగతి. బెంగాల్‌లో జంగీపూర్, 1858 జులై. తిరుగుబాటు మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఈస్టిండియా కంపెనీ చేతిలోంచి పాలన తీసేసే చట్టం లండన్‌లో మరుసటి నెలలోనే వచ్చింది. ఇక్కడ ఆఫీసరు విలియం జేమ్స్ హెర్షెల్, ఇరవై అయిదేళ్ల కుర్రాడు. యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన హెర్షెల్ ఉన్నాడే, ఆయన మనవడు. రోడ్డుకి కంకర కావాలి. రాజ్యధర్ కోనాయ్ అనే లోకల్ కాంట్రాక్టరు సరఫరా చేస్తానన్నాడు. ఒప్పందం కోనాయే తన చేత్తో బెంగాలీలో రాశాడు. సంతకం పెట్టబోతుంటే హెర్షెల్‌కి ఒక ఆలోచన వచ్చింది. రేపు ఈయన ఈ సంతకం నాది కాదంటే?

ఆఫీసు సీలుకి వాడే నూనె సిరా తీసి కోనాయ్ అరచేతికీ వేళ్లకీ పూసి, కాగితం వెనక వైపు ఒత్తించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. వేలిముద్రల సైన్స్ ఆ రోజే పుట్టిందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అదేం కాదు. ఆ రోజు సైన్స్ లేదు, పోల్చి చూసే పద్ధతీ లేదు. కోనాయ్‌ని బెదరగొట్టి, మాట తప్పే ఆలోచన రాకుండా చేద్దామనే అలా చేశానని హెర్షెల్ 1916లో వచ్చిన తన పుస్తకంలో తనే రాసుకున్నాడు. ఆ ముద్రలోని గీతలు తర్వాత చూస్తుంటే ఆసక్తి పుట్టింది. ఇంకో సంగతి. చదువు రానివాణ్ణి మనవాళ్లు వేలిముద్రగాడు అని వెక్కిరిస్తారు. కోనాయ్ చదువు వచ్చినవాడే. అతనికి రాయడం రాదని కాదు, అతని రాతని అవతలివాడు నమ్మలేదు కాబట్టి చెయ్యి అడిగారు.

తర్వాత చాలా ఏళ్లు హెర్షెల్ తన వేళ్లు, స్నేహితుల వేళ్లు ముద్రలు తీసుకుంటూ గడిపాడు. గీతలు వయసుతో మారడం లేదని గమనించాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు దస్తావేజుల రిజిస్ట్రేషన్‌లో, పెన్షన్ల దగ్గర, జైల్లో వేలిముద్రలు పెట్టించాడు. పెన్షన్ల దగ్గర ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. పెన్షనరు చచ్చిపోయినా పెన్షన్ మాత్రం బతికే ఉండేది!

కానీ ఒక చిక్కు మిగిలింది. ఈ ముద్ర ఈయనదేనా అంటే పక్కపక్కన పెట్టి చెప్పొచ్చు. అసలు ఈ ముద్ర ఎవరిది అంటే వేల కాగితాల గుట్టలో వెతకాలి. సెర్చ్ ప్రాబ్లమ్. దాన్ని పరిష్కరించింది కలకత్తాలో ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన ఇద్దరు, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పది వేళ్లు. ఒక్కో వేలి మీద సుడి ఉందా, లేదా? ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అనుకోండి. పది బిట్లు. 2 పవర్ 10, మొత్తం 1024 అరలు. కంప్యూటర్లు లేని కాలంలో చెక్క అరలతో కట్టిన డేటాబేస్ అది. నాకైతే ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే. 1897లో కలకత్తాలో ఫింగర్‌ప్రింట్ బ్యూరో వచ్చింది. పద్ధతికి పేరు మాత్రం హెన్రీ సిస్టమ్ అని స్థిరపడింది. పనిచేసిన ఇద్దరి పేర్లూ పుస్తకాల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది.

ఇక నేల సంగతి. అదే 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ సర్వే శాఖ ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోవే. ప్రతి పొలం కొలిచి, రాళ్లు పాతి, పటం గీసి, ఒక నంబరిచ్చారు. అసలు ఉద్దేశం శిస్తు వసూలు. కానీ ఆ నంబరు దస్తావేజుల్లోకీ వచ్చేసింది. ఇక సుబ్బయ్య గారు ఉన్నా పోయినా ఆ పొలం నంబరు ఆ పొలానిదే. సమస్య తీరిపోయిందనుకుంటాం.

నంబరుకి ఒకటే జబ్బు. ఒక అంకె జారితే అది వేరే పొలమైపోతుంది. 1960ల మొదట్లో పాట్నా హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి ఒక కేసు వెళ్లింది. కాగితంలో ప్లాటు నంబరు 160 అని ఉంది. అసలు నంబరు 1060. ఒక్క సున్నా రాయడం మర్చిపోయారు. అయితే ఆ భూమి ఆయనది కాదంటారా? కోర్టు నంబరొక్కటే చూసి ఆగలేదు. ఖాతా నంబరు, హద్దులు లాంటి మిగతా వివరాలు చూసింది. అవన్నీ 1060 వైపే చూపించాయి. నంబరు తప్పు రాశారంతే, భూమి ఏదనేదాంట్లో సందేహం లేదు అని తేల్చింది. ఆ భూమిని కాపాడింది నంబరు కాదు. నంబరొచ్చాక ఇంకెందుకులే అనిపించే ఆ పాత వివరాలే.

1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చూస్తే ఇది ముందే తెలిసి రాసినట్టుంటుంది. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపోయేంత వర్ణన లేకపోతే దస్తావేజు తీసుకోవద్దంటుంది. పొలానికి పేరుంటే పేరు, ఎంత విస్తీర్ణం, పక్కన ఏ రోడ్డు, ఏ ఆస్తి, ఎవరి అనుభవంలో ఉంది, అన్నీ అడుగుతుంది. అంటే సుబ్బయ్య గారిని తీసెయ్యలేదు, నంబరు పక్కన కూర్చోబెట్టారు. విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే కోర్టులు మామూలుగా హద్దుల వైపే మొగ్గుతాయి. కాబట్టి ఇవాళ కొనేవాళ్లు షెడ్యూల్లో హద్దుల్ని పాత డాక్యుమెంట్ నుంచి కాపీ పేస్ట్ చేయించుకోవడం ఏ మాత్రం తెలివైన పని కాదు. ఇప్పుడు తూర్పున ఎవరున్నారో పొలం దగ్గరికి వెళ్లి చూసి రాయించాలి. లేకపోతే రేపు కోర్టులో ఉండేది ముప్ఫై ఏళ్ల కిందటి పొరుగువాడు.

మళ్లీ మనిషి దగ్గరికి వద్దాం. 2001లో ఈ చట్టానికి 32ఏ సెక్షన్ కలిపారు. దస్తావేజు తెచ్చినవాళ్ల పాస్‌పోర్ట్ సైజు ఫోటో, వేలిముద్రలు ఉండాలి. స్థిరాస్తి చేతులు మారితే అమ్మేవాళ్లవీ కొనేవాళ్లవీ, ఇద్దరివీ. జంగీపూర్ కాగితం వెనక ఉన్నది కంకర అమ్మినవాడి చెయ్యి ఒక్కటే. ఇద్దరి వేళ్లూ ఒకే కాగితం మీద తప్పనిసరి కావడానికి 143 ఏళ్లు పట్టింది.

అయితే మెషీన్ మీద వేలు పెట్టినంత మాత్రాన ఆ వేలు ఎవరిదో తెలియదు, ఈ వేలున్న మనిషి ఇవాళ వచ్చాడని తెలుస్తుంది. ఆయన కాగితంలో రాసిన ఆసామీయేనని రిజిస్ట్రారుకి నమ్మకం కుదరాలి. అందుకే ఇప్పటికీ, ఈయన మాకు తెలుసు అని సంతకం పెట్టే ఇద్దరు సాక్షులు వస్తారు. పాత ఊరి జ్ఞాపకంలో మిగిలిన ముక్క అది. చాలాచోట్ల ఆ ఇద్దరూ డాక్యుమెంట్ రైటర్ పక్కన కూర్చునే కుర్రాళ్లు. అమ్మేవాళ్ల మొహం వాళ్లు చూసింది ఆ ఉదయమే.