ఎపిడ్యూరల్ హెమటోమా

తలకు దెబ్బ తగిలినపుడు పుర్రె ఎముకకు, మెదడును కప్పి ఉండే డ్యూరా మేటర్ అనే పొరకు మధ్య రక్తం చేరడాన్ని ఎపిడ్యూరల్ హెమటోమా అంటారు. ఇది ప్రాణాపాయ స్థితి.

కారణం

కణత వద్ద పుర్రె ఎముక పలుచగా ఉంటుంది. అది చిట్లినపుడు లోపలి వైపున ఉండే మధ్య మెనింజియల్ ధమని తెగి రక్తస్రావం జరుగుతుంది. పుర్రె సాగదు కనుక చేరిన రక్తం మెదడును నొక్కివేస్తుంది.

లక్షణాలు

కొందరు దెబ్బ తగలగానే స్పృహ తప్పి, తేరుకొని, కొన్ని గంటల వరకు మామూలుగా మాట్లాడతారు. దీనిని చూసి ప్రమాదం తప్పిందనుకోరాదు. బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చి 16న కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయింది. బాగానే ఉన్నానని మొదట వైద్య సహాయం నిరాకరించింది. రెండు రోజులకు ఈ స్థితి వలననే మరణించింది.

ఈ క్రింది లక్షణాలలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి:

- ఎక్కువవుతున్న తలనొప్పి, పదేపదే వాంతులు
- మగత, మాట తడబాటు, మూర్ఛ
- ఒక కంటిపాప పెద్దదవడం
- ఒక ప్రక్క కాలుచేతుల బలహీనత

పుర్రెలో ఒత్తిడి బాగా పెరిగితే రక్తపోటు హెచ్చి, నాడి మందగించి, శ్వాస క్రమం తప్పుతుంది. ఇవి ఆలస్యంగా కనిపించే లక్షణాలు. వీటి కోసం వేచి ఉండరాదు.

నిర్ధారణ, చికిత్స

సి.టి. స్కాన్‌లో రక్తపు గడ్డ సాధారణంగా కుంభాకార కటకం ఆకారంలో కనిపిస్తుంది. గడ్డ పెద్దదైతే శస్త్రచికిత్సతో పుర్రెను తెరచి తొలగిస్తారు. కోమాలోకి వెళ్ళక ముందే చికిత్స అందితే చాలామంది కోలుకుంటారు.